తన్ను గూర్చి తాను చెప్పుట

శ్రీవైష్ణవ గృహములలో పెద్దల యెదుట "నేను" అను మాట సాధారణముగా వినబడదు. "దాసుడు వచ్చినాడు", "దాసునకు తెలియదు", "అడియేన్ విన్నవించుచున్నాను" అని పలుకుట ఆ యిండ్ల మర్యాద. బిడ్డకు మాటలు వచ్చిన నాటనుండి నేర్పబడు వినయమిది. అట్టి యింట పెరిగిన యువకుడు ఉద్యోగమునకై పట్టణమునకు పోయి, బల్లకు ఆవల కూర్చున్న నలుగురైదుగురు అపరిచితుల యెదుట నిలిచినప్పుడు, వారు తరచుగా అడుగు మొదటి ప్రశ్న "మీ గురించి చెప్పండి" అనునదే. ఏ మాటను అణచుకొనుట పుట్టినది మొదలు నేర్చెనో ఆ మాటతోనే అతడిప్పుడు ప్రారంభింపవలెను. నేనిది చదివితిని, నేనిది చేయగలను, ఈ పనికి నేను తగుదును అని చెప్పవలెను.

ఇది వినయమునకు భంగమా? ఉదరపోషణము కొరకు దాసుడు స్వామివలె మాటలాడుట ధర్మమా? ఇంటర్వ్యూకు సిద్ధపడుట యన్నది తనయందున్న సత్యమును తెలిసికొనుటయా, లేక తనయందు లేనిదానిని అలంకరించుకొనుటయా? చూచుటకు చిన్న లౌకిక విషయమువలె దోచును గాని, నేడు ప్రతి యింటిలోను ఒకనాడు కాకున్న నొకనాడు తలయెత్తు ధర్మసందేహమిది.

నల్లగొండ జిల్లాలో దేవరకొండకు చేరువనున్న యొక పల్లెను ఊహింపవచ్చును. తండ్రికి ఊరి పెరుమాళ్ళ గుడిలో అర్చకత్వము, రెండెకరముల బత్తాయి తోట. కుమారుడు పట్టభద్రుడై, వ్రాతపరీక్షయందు ఉత్తీర్ణుడైనాడు. ఇంటర్వ్యూకు రమ్మని పిలుపు వచ్చినది. నడుమ పదునైదు దినములున్నవి. ఆ దినములలో ఆ యింటి గడప త్రొక్కిన ప్రతివారును ఒక సలహా చెప్పిపోవుదురు. అభిరుచులన్న చోట పుస్తక పఠనము అని వ్రాయుమని ఒకరు. రెండేండ్లుగా అతడొక్క పుస్తకమైనను పూర్తిగా చదువలేదు. ఏడాది ఇంటివద్ద నుంటినని చెప్పవద్దు, పట్నములో పనిచేసినట్లు అనుభవ పత్రము తెప్పించెదనని మరియొకరు. తెలియదు అను మాట మాత్రము నోట రానీయవద్దు, ఏదో యొకటి చెప్పుచునే యుండవలెనని ఇంకొకరు. లోపల కూర్చుండు వారిలో నొకరి బంధువు తనకు తెలియును, ఒక మాట చెప్పింతునని వేరొకరు. తల్లి మాత్రము ఏమియు ననక యాదగిరిగుట్ట నరసింహస్వామికి మ్రొక్కుకొన్నది.

ఆ యువకుడు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గొన్న మేనమామ వద్దకు పోయి, "మామయ్యా! వాళ్ళు చెప్పినట్లు చెబితే అబద్ధం. ఉన్నది ఉన్నట్లు చెబితే ఉద్యోగం రాదేమో. అసలు నన్ను నేనే పొగుడుకోవడం మన ఇంట్లో పుట్టినవాడు చేయవలసిన పనేనా?" అని అడిగినాడనుకొనవచ్చును. ఈ ప్రశ్నలో రెండు ముడులున్నవి. ఆత్మస్తుతి చేయవచ్చునా అనునది ఒకటి. అవసరమున అసత్యమాడవచ్చునా అనునది రెండవది. రెండింటిని వేరువేరుగా విప్పవలెను.

ఆత్మస్తుతి - ఆత్మపరిచయము

మొదటి ముడిలో పూర్వపక్షము మిక్కిలి బలమైనది. భారత కర్ణపర్వమున ధర్మజుడు యుద్ధమున పరాభవము పొంది, గాండీవమును మరియొకనికి ఇమ్మని అర్జునుని నిందించును. అట్లన్నవానిని వధింతునని అర్జునునకు పూర్వ ప్రతిజ్ఞ యున్నది. అన్నను చంపరాదు, ప్రతిజ్ఞ తప్పరాదు. పెద్దను ఏకవచనమున నిందించుటయే వధతో సమానమని శ్రీకృష్ణుడు ఉపాయము చెప్పును. అన్నను నిందించిన పాపమునకు అర్జునుడు తన ప్రాణములనే తీసికొనబోగా, నీ గుణములను నీవే పొగడుకొనుము, అది ఆత్మహత్యకు సమానమని స్వామి మరల బోధించును. తన్ను తాను పొగడుకొనుట తన్ను తాను చంపుకొనుటయే యని సాక్షాత్తు భగవంతుడే చెప్పిన పిమ్మట మిగిలినదేమి?

యయాతి వృత్తాంతము మరియు విస్పష్టము. స్వర్గమున నున్న యయాతిని ఇంద్రుడు, తపస్సునందు నీవెవరితో సమానుడవని ప్రశ్నించును. దేవ మనుష్య గంధర్వ మహర్షులలో తనకు సాటి యెవ్వరును కానరారని యయాతి సమాధానము. ఆ యొక్క మాటతో అతడు స్వర్గభ్రష్టుడైనాడు. అదియును ఒక విధమగు ఇంటర్వ్యూయే గదా!

శ్రీవైష్ణవులకు వీనికంటెను దగ్గరి ఐతిహ్యమొకటి యున్నది. భగవద్రామానుజులు రహస్యార్థమునకై శ్రీరంగమునుండి తిరుక్కోట్టియూరునకు పదునెనిమిది మారులు నడచిరి. తలుపు తట్టినప్పుడు గోష్ఠీపూర్ణులు "ఎవరది?" యని యడుగగా "నేను రామానుజుడను" అని బదులు చెప్పిరట. "ఆ నేను చచ్చిన పిమ్మట రమ్ము" అని ఆచార్యుల ఆజ్ఞ. తుదకు "అడియేన్" అని పలికినప్పుడే తలుపు తెరచుకొన్నదని పెద్దలు చెప్పుకొందురు. ఎంతటి మహనీయునకైనను "నేను" అడ్డుపడినది. ఇక సామాన్యుని మాట యేమి?

అయినను నిదానించి చూచినచో యయాతిని పడద్రోసినది తపస్సును చెప్పుట కాదు. ఇతరులందరిని తనకు దిగువగా త్రోసివేయుట. నేనింత తపస్సు చేసితినని చెప్పి ఊరకున్నచో అది నివేదనమగును. నాతో సములు లేరనుటచే అది అవమానమైనది. అర్జునుని కథలోను శ్రీకృష్ణుడు విధించినది గొప్పతనమును ప్రకటించుటకై చేయు స్తుతి. దానిని కోరినవారు లేరు, దానివలన ఇతరులకు కలుగు ప్రయోజనమును లేదు. అందువలననే అది శిక్షగా పనికివచ్చినది.

ఇంటర్వ్యూలో అభ్యర్థి చెప్పునది ఈ జాతికి చెందవలసిన పని లేదు. ఒక పని యున్నది. దానిని చేయువాడు కావలెను. చేయగలవాడెవ్వడో తెలియక నియామకులు అడుగుచున్నారు. అడిగినవానికి తెలిసిన నిజమును చెప్పుట సాక్ష్యము. వైద్యుడు తనకు వైద్యము తెలియునని చెప్పనిచో రోగి యేమి కావలెను? నదిలో పడవ నడపగలవాడు వినయముచే మౌనము వహించినచో, నడపలేనివాడు తెడ్డు పట్టుకొనును. ఆ పడవలో కూర్చున్నవారు ఆ వినయమునకు మూల్యము చెల్లింపవలసి వచ్చును.

ఆత్మస్తుతికిని ఆత్మపరిచయమునకును భేదము తెలియుటకు మూడు గుర్తులు చాలును. అడిగినప్పుడు అడిగినంతమట్టునకే చెప్పినచో పరిచయము. అడుగకయే చెప్పినచో స్తుతి. తన శక్తిని పనితో కొలిచి చెప్పినచో పరిచయము. ఇతరులతో కొలిచి చెప్పినచో స్తుతి. విచారించి చూచుకొనుడని నిలువగలిగినచో పరిచయము. విచారణకు జంకవలసి వచ్చినచో అది స్తుతియు కాదు, వట్టి అసత్యము.

ఇక నైచ్యానుసంధానము. భగవంతుడు సర్వజ్ఞుడు. ఆయన యెదుట యోగ్యతలను ఏకరువు పెట్టుట సూర్యునకు దీపము చూపుటవంటిది. అక్కడ దోషములను చెప్పుకొనుటయే తగును. మనుష్యులు సర్వజ్ఞులు కారు. వారి యెదుట తెలిసినదానిని తెలియదనుట వినయ వేషము ధరించిన అసత్యము. యామునాచార్యులవారి చరిత్రమే దీనికి ప్రమాణము. బాలుడుగా నున్నప్పుడు గురువునకు పంపబడిన ఆస్థాన పండితుని సవాలును తానే స్వీకరించి, చోళరాజ సభలో నిర్భయముగా వాదించి గెలిచి, ఆళవందారు అని పేరొందినవారు వారే. స్తోత్రరత్నమున స్వామి యెదుట తమ దోషములను లెక్కించుకొని కరగిపోయినవారును వారే. సభలో "నేను వాదింతును" అన్న నోరును, సన్నిధిలో "నేను అపరాధములకు పాత్రమను" అన్న నోరును ఒక్కటియే. ఏ చోట ఏ మాట సత్యమో ఆ చోట ఆ మాట పలుకుటయే వారి వినయము.

"నీవెవ్వడవు?" అను ప్రశ్న

రెండవ ముడి అసత్యమునకు సంబంధించినది. ఛాందోగ్యమునందలి సత్యకాముని కథ ఈ దేశమున చెప్పబడిన ప్రవేశ పరీక్షలలో ప్రాచీనమైనది. గురుకులమునకు వచ్చిన బాలుని గౌతముడు "నీ గోత్రమేది?" యని యడిగెను. బాలునకు తెలియదు. తల్లి జబాల, యౌవనమున పలుతావుల పరిచర్య చేయుచు తిరుగుచుండగా నిన్ను కంటిని, నీ గోత్రమేదో నాకును తెలియదని చెప్పి పంపినది. బాలుడు ఆ మాటను అట్లే, ఒక్క యక్షరమైనను మార్చక, గురువునకు విన్నవించెను. నాటి లోకమున అది తలదించుకొనవలసిన సమాధానము. గౌతముడు ఆ సమాధానములోనే యోగ్యతను చూచి, సత్యమునుండి తొలగలేదని పలికి, సమిధలు తెమ్మనెను.

భారతమున మరియొక ప్రవేశ పరీక్ష యున్నది. బ్రహ్మాస్త్రమును కోరి వచ్చిన కర్ణుని ద్రోణుడు నిరాకరించెను. కర్ణుడు పరశురాముని చేరి తాను బ్రాహ్మణుడనని చెప్పి విద్యను సంపాదించెను. ఒకనాడు గురువు తన తొడపై తలయుంచి నిద్రింపగా, క్రిమి తొడను తొలుచుచున్నను సహించెను. ఆ సహనమే గురువునకు అనుమానము పుట్టించినది. నిజము బయటపడినది. అవసరమగు వేళ ఆ యస్త్రము స్ఫురింపకుండునని శాపము తగిలినది.

కర్ణునకు జరిగినది అన్యాయము కాదా యని అడుగవచ్చును. జరిగిన అన్యాయమును మహాభారతమును దాచలేదు. విద్యార్హత కలవానికి పుట్టుకను చూపి తలుపు మూసిరి. అందువలన కర్ణుని అబద్ధమును తేలికగా నిందించుట పెద్దరికము కాదు. గమనింపవలసినది వేరొకటి. ద్రోణుని తప్పు ద్రోణునిదిగా నిలిచినది. కర్ణుడాడిన అబద్ధపు భారమును మోసినవాడు మాత్రము కర్ణుడు. అసత్యముచే పొందిన పదవిని ప్రతిదినము అసత్యముతోనే కాచుకొనవలెను. శరీరమును తొలుచు పురుగు బాధకంటె అది బయటపడునేమో యను భయము పెద్దది. శాపమనునది ఆకాశమునుండి పడవలసిన పని లేదు. లేని అనుభవమును చూపి కొలువులో చేరినవాడు, ఆ అనుభవము అవసరమైన దినమున నిస్సహాయుడై నిలుచుటయే ఆ శాపము.

"నీవెవ్వడవు, నీవెక్కడివాడవు?" అను ప్రశ్న తెలంగాణములో ఉద్యోగములకు సంబంధించి చిరకాలముగా తీవ్రమైనది. 1919లో నిజాము ప్రభుత్వము వెలువరించిన ముల్కీ నిబంధనలు పదునైదేండ్ల నివాసమును స్థానికతకు గుర్తుగా గైకొన్నవి. 1918లో ఉర్దూ మాధ్యమముగా నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివినవారికి, 1948 పిమ్మట కార్యాలయ భాష మారినప్పుడు, తెలిసినదే యైనను చెప్పుటకు నోరాడని యవస్థ కలిగినది. 1952 నాటి ముల్కీ యుద్యమమునకును, 1969 నాటి యుద్యమమునకును ఉద్యోగముల ప్రశ్న ముఖ్య కారణము. 1975లో స్థానికులకు ప్రాధాన్యమునిచ్చు రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చినది. తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడిన తరువాత, 2018లో క్రొత్త యుత్తర్వు వెలువడినది. దాని ప్రకారము నల్లగొండ యాదాద్రి మండలమునందును, మహబూబ్‌నగరు జోగులాంబ మండలమునందును చేరినవి. ఇంత చరిత్రము గల నేలపై తప్పుడు నివాస పత్రము పుట్టించుకొనుట కాగితముతో చేయు చిన్న నేర్పు కాదు. అది సాటి పల్లెవాని నోటి ముద్దను తీయుటయగును.

మరచిన బలము

అసత్యము వలదని చెప్పుట సులభము. చెప్పుటకు నాయందేమున్నదని నిస్పృహ చెందువానికి ఆ యుపదేశము చాలదు. నల్లగొండ పాలమూరు ప్రాంతముల యువకులలో పెక్కుమందికి గల కొరత అహంకారము కాదు, బెదురు. ఆంగ్లము తడబడునని, పట్టణపు నడవడి తెలియదని, తమ ఊరి పేరు చెప్పినచో నవ్వుదురని వారు కుంచించుకొని పోవుదురు.

సముద్రతీరమున హనుమంతుడును ఇట్లే ఒక మూల మౌనముగా కూర్చుండెను. వానర వీరులు ఒక్కొక్కరుగా తాము దాటగల దూరమును చెప్పుచున్నారు. ఋషి శాపవశమున తన బలము తనకు తెలియని హనుమంతుడు మాత్రము మాటలాడలేదు. జాంబవంతుడు లేచి అతని జన్మవృత్తాంతమును, బాల్యమునందలి సాహసమును గుర్తుచేసెను. వృద్ధుడగు జాంబవంతుడు అతనికి క్రొత్త బలమునిచ్చినది లేదు, లేని గుణమును అంటగట్టినదియు లేదు. ఉన్నదానిని చూపినాడు. ఇంటిలోని పెద్దలు అభ్యర్థికి చేయవలసిన సాయమంతయు ఇంతియే.

పాలమూరు జిల్లాకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారి జీవితమున ఇట్టి సన్నివేశమొకటి కలదు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను ఆక్షేపణ వచ్చినప్పుడు, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన ఆయన తిట్టుకు తిట్టు బదులీయలేదు. మా వారిని మించినవారు లేరని ప్రగల్భములు పలుకలేదు. ఊరూర నున్న కవుల రచనలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించెను. అందు 354 మంది కవులు కలరు. ఒక జాతిని "నీయందేమున్నది?" యని అడిగినప్పుడు ఆ జాతి ఇచ్చిన సమాధానమది. ఆ గ్రంథమున ఆత్మస్తుతి లేదు, ఆధారమున్నది. యువకుడును తన్ను గూర్చి చెప్పునప్పుడు విశేషణములను విడిచి విశేషములను చెప్పినచో చాలును. "నేను కష్టజీవిని" అనుట విశేషణము. "డిగ్రీ చదువుచునే మూడేండ్లు మా తోటకు నీరు పెట్టితిని" అనుట విశేషము.

మేనమామ ఆ మేనల్లునితో నిట్లనును: "అల్లుడా! పుస్తక పఠనం అని రాస్తే, ఈమధ్య ఏం చదివావని అడుగుతారు. అప్పుడేం చెబుతావు? బత్తాయి తోట పని అని రాయి. బోరులో నీరు తగ్గిన ఏడాది ఏ చెట్టును ఎట్లా బతికించావో అడిగితే గంటసేపు చెప్పగలవు కదా. నీకు తెలిసింది అదీ. దాన్ని దాచిపెట్టి తెలియనిది ఎందుకు పట్టుకుపోతావు?"

అభ్యర్థిని అతని సొంత జిల్లాను గూర్చి అడుగుట పరిపాటి. ఇంటి వాకిటిలోనే ఆ సమాధానములున్నవి. నల్లగొండ భూగర్భజలమున ఫ్లోరైడు అధికమై పండ్లు గారపట్టుట, ఎముకలు వంగుట ఆ పల్లెల వారు కన్నులార చూచినదే. తాగునీటిలో లీటరునకు 1.5 మిల్లిగ్రాముల ఫ్లోరైడు గరిష్ఠ పరిమితియని, పటికతోను సున్నముతోను దానిని తగ్గించు విధానము 1970ల దశకమున రూపొంది నల్లగొండ పేరుతోనే లోకమున ప్రసిద్ధమైనదని తెలిసికొనుట అభ్యర్థి చేయవలసిన సిద్ధపాటు. నాగార్జున సాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాది వేసిరని, 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరని గ్రంథములు చెప్పును. ఎడమ కాలువ క్రింది పొలమునకును, ఆ నీరందని మెట్ట పొలమునకును గల భేదమును మాత్రము ఆ నేలవాడే చెప్పగలడు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబాభావే అడుగగా వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరములిచ్చుటతో భూదానోద్యమము పుట్టినది. ఆనకట్టలు కట్టిన మట్టిపనిలో పాలమూరు కూలీల పేరు దేశమెల్ల తెలిసినది. వీనిని గూర్చి పలుకునప్పుడు నల్లగొండ, పాలమూరు బిడ్డలు అరువు మాటలు తెచ్చుకొనవలసిన పని లేదు.

మాట తీరు, లోపమును చెప్పు తీరు

ఎట్లు మాటలాడవలెనో తెలిసికొనుటకు కిష్కింధాకాండము చాలును. ఋష్యమూకము దిగి భిక్షురూపమున వచ్చిన హనుమంతుని మాటలు విని శ్రీరాముడు లక్ష్మణునితో వానిని మెచ్చుకొనును. ఇంతసేపు పలికియు అపశబ్దమొక్కటి రాలేదనియు, ముఖమునందు గాని కన్నులయందు గాని కనుబొమలయందు గాని వికారము కానరాలేదనియు, మాట మిక్కిలి సాగలేదు, సందేహమునకు తావీయలేదు, తొందరపడలేదు, నత్తనడక నడువలేదనియు, స్వరము మధ్యస్థముగా నుండెననియు ఆ ప్రశంస సారము. అభ్యర్థి అద్దము ముందు అభ్యసింపవలసినదంతయు ఇందున్నది. ఇది నటన కాదు. చదివిన వ్యాకరణము మాటలోను, మనస్సులోని స్థైర్యము ముఖములోను కనబడినవి. మరియొక విశేషము గమనింపదగినది. భిక్షువేషమున వచ్చినను, అదే ప్రసంగములో, తాను సుగ్రీవుని మంత్రియగు వానరుడననియు, ఆయన ప్రియము కొరకు ఈ రూపమున వచ్చితిననియు హనుమంతుడే వెల్లడించెను. శ్రీరాముని మెప్పు ఆ వెల్లడి తరువాతనే వచ్చినది.

ఆంగ్లము రానంత మాత్రమున సత్యము మూగది కానక్కరలేదు. కేంద్ర పబ్లిక్ సర్వీస్ కమిషను వారి సివిల్ సర్వీసు ప్రధాన పరీక్షను తెలుగులో వ్రాసినవారు మౌఖిక పరీక్షయందును తెలుగులో పలుకుటకు వీలున్నది. ఆంగ్లము తప్పనిసరియైన చోట చిన్న వాక్యములను తప్పులేక పలుకుట పెద్ద వాక్యములలో చిక్కుకొనుటకంటె మేలు.

లోపమును చెప్పు విధమును విభీషణుడు నేర్పును. అతడు శత్రుశిబిరమునకు వచ్చి ఆకాశమున నిలిచి తన్ను తాను తెలుపుకొన్నప్పుడు, మొట్టమొదట చెప్పినది తనకు మిక్కిలి ప్రతికూలమగు విషయము: దుర్వృత్తుడగు రావణుడొకడు కలడు, అతని తమ్ముడను నేను. దానిని దాచినను, వెనుకకు నెట్టినను వినువారికి వేరొక విధముగా తెలియును. తానే ముందుగా చెప్పి, పిమ్మట తానిచ్చిన హితబోధను, పొందిన అవమానమును, విడిచి వచ్చిన ఆలుబిడ్డలను చెప్పి, శరణు వేడెను. ఏడాది యింటివద్ద నున్న యువకుడును ఆ యేడాదిని దాచక, తండ్రికి జబ్బు చేయగా తోటను, గుడి సేవను తాను చూచుకొంటినని చెప్పవచ్చును. దాచిన యేడాది అనుమానమునకు తావిచ్చును. చెప్పిన యేడాది నడవడికి సాక్ష్యమగును. తెలియని ప్రశ్నకు "తెలియదండీ, తెలుసుకుంటాను" అనుటయు ఇట్టిదే. తెలియదను మాటను తెలిసి పలుకువాని "తెలియును" అను మాటకు విలువ పెరుగును.

బల్లకు ఆవలివారి ధర్మము

ధర్మమంతయు అభ్యర్థి తలపైననే మోపుట న్యాయము కాదు. అడుగువారికిని ధర్మమున్నది. విభీషణుని విషయమున శ్రీరాముడు సుగ్రీవుని అనుమానమును వినెను. అంగద శరభ జాంబవన్మైందుల మాటలు వినెను. హనుమంతుని విశ్వాసమును వినెను. అందరిని వినిన పిమ్మటనే తన నిర్ణయమును చెప్పెను. వచ్చినవాని కులమును చూచినచో విభీషణునకు చోటు లేకుండెడిది.

లోకమున అడుగువారందరు అట్టివారు కారు. శ్రీనగరమునందలి ఇంజనీరింగు కళాశాల ప్రవేశములను గూర్చిన అజయ్ హాసియా వ్యాజ్యమున భారత సర్వోన్నత న్యాయస్థానము 1980 నవంబరులో తీర్పు చెప్పుచు, వ్రాతపరీక్షకు 100 మార్కులుండగా మౌఖిక పరీక్షకు 50 ఉంచుట నిరంకుశమనియు, మౌఖికమునకు నూటికి 15 మించరాదనియు నిర్ణయించెను. రెండు మూడు నిమిషములలో తలిదండ్రులను, నివాసమును గూర్చి మాత్రమే అడిగి ముగించుట పరీక్షయే కాదని ఆక్షేపించెను. కేంద్ర ప్రభుత్వము 2016 జనవరి 1 నుండి దిగువ శ్రేణి ఉద్యోగములకు ఇంటర్వ్యూను విడిచిపెట్టినది. తెలంగాణ ప్రభుత్వము 2022లో గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగములకును దానిని తొలగించినది. సివిల్ సర్వీసు పరీక్షలో మాత్రము 2025 మార్కులకు గాను 275 మార్కులు నేటికిని మౌఖికమునకే కలవు; ప్రైవేటు సంస్థలలో ఇంటర్వ్యూ లేనిదే కొలువు లేదు.

సిఫారసునకు ఎదురుచూచువారు ఒకటి తలచుకొనవలెను. ఒక మాట చెప్పించి పొందిన స్థానమున తాము కూర్చున్నప్పుడు, ఎవరి మాటయు లేక వచ్చిన వేరొక పల్లెవాడు రిక్తహస్తములతో బస్సెక్కి యింటికి పోవుచుండును. ఆ బిడ్డ తల్లియు ఏదో యొక కొండకు మ్రొక్కుకొనియే యుండును. నరసింహస్వామికి ఇద్దరు తల్లులును ఒక్కటియే. మ్రొక్కుబడి స్వామికి చెప్పించు సిఫారసు కారాదు. నోరు తడబడకుండునట్లు, సత్యము తప్పకుండునట్లు వేడుకొనుట మాత్రమే దాసునకు ఒప్పును.

ఫలము

ఇంతగా సిద్ధపడి, ఇంత సత్యముగా పలికిన పిమ్మట ఉద్యోగము వచ్చి తీరునా? వచ్చునని శాస్త్రము వ్రాసి యీయలేదు. గౌతముని వంటివాడు ఎదుట నున్న దినమున సత్యకాముడు గెలుచును. మరియొక దినమున ఓడిపోవచ్చును. ఒక్క స్థానమునకు పెక్కుమంది యోగ్యులు వచ్చినప్పుడు, తప్పు లేకయే తక్కినవారు మరలిపోవలసి యుండును. ఓడినవాడు అయోగ్యుడని ఆ బల్ల నిర్ణయింపలేదు. ఆ పనికి ఆనాడు వేరొకరిని ఎన్నుకొన్నది, అంతియే. ఈ భేదమును యింటివారు మొదట గ్రహింపవలెను. ఉత్తచేతులతో వచ్చిన బిడ్డను "ఏం చెప్పి చెడగొట్టుకున్నావురా?" అని గద్దించు తండ్రియు, "చెప్పమన్నట్లు చెప్పి ఉంటే వచ్చేది కదా" అని దెప్పు బంధువును, మరుసటిమారు అబద్ధమాడుటకు ఆ బిడ్డకు తామే పాఠము చెప్పుచున్నారని ఎరుగరు.

రామానుజులవారు ఒకటి రెండు కాదు, పదునేడు మారులు మరలి వచ్చిరి. మరలిన ప్రతిమారును నింద మోసికొని రాలేదు. మరల నడచుటకు బలము తెచ్చుకొనిరి. "ఆ నేను చచ్చిన పిమ్మట రమ్ము" అన్న గోష్ఠీపూర్ణుల మాటకు అర్థమును ఇక్కడ తిరిగి చూచుకొనవచ్చును. చావవలసినది పేరు చెప్పు "నేను" కాదు. అంతయు నావలననే యైనదను "నేను". గెలిచినప్పుడు మిడిసిపడి, ఓడినప్పుడు నేల కూలునది ఆ "నేను". అది చచ్చినవానికి పేరు చెప్పుటకు, చదివినది చెప్పుటకు, తెలియనిది తెలియదనుటకు జంకు లేదు. తనదికాని వస్తువును యజమాని యెదుట లెక్క చెప్పు కోశాధికారివలె, స్వామి తనకిచ్చిన శక్తిని ఎంతయున్నదో అంత, ఎక్కువ తక్కువలు లేక, అడిగినవారికి లెక్క చెప్పును. లెక్కలో ఎక్కువ చూపుట దొంగతనమైనచో తక్కువ చూపుటయు దొంగతనమే.

ఆ దేవరకొండ పల్లె యువకుడు తెల్లవారుజామున తిరుమణి శ్రీచూర్ణము ధరించి, తలిదండ్రులకు సాష్టాంగపడి, "దాసుడు వెళ్ళివస్తాడు" అని సెలవు తీసికొని బస్సెక్కును. మధ్యాహ్నము బల్ల ముందు నిలిచి "నేను ఫలానా ఊరివాడను" అని ప్రారంభించును. ఉదయమున పలికిన మాట మధ్యాహ్నపు మాటకు విరుద్ధము కాదు. లోపల దాసుడై యున్నవాడే వెలుపల నిర్భయముగా "నేను" అనగలడు. ఫలితము ఏదైనను, సాయంకాలము యింటికి వచ్చి పెరుమాళ్ళ యెదుట దీపము వెలిగించునప్పుడు, ఆనాడు బల్ల ముందు చెప్పిన ప్రతి మాటను అక్కడను తలయెత్తి చెప్పగలిగినచో, ఆ యింటర్వ్యూలో అతడు నెగ్గినట్లే.